పసుపు పట్టిన ట్రేలు

చాచా పోయాడని నాకు ప్లాస్టర్ సంచులు తెచ్చే ఆటో అతను చెప్పాడు. అదీ పోయిన పన్నెండు రోజులకు. సంచి దించి, చేతులు దులుపుకుని, "మేడం, మీ చాచా పోయిండు, మీకు ఎరుకేనా?" అన్నాడు. అప్పుడు నేను ఒకావిడ నోట్లో అద్దం పెట్టి చూస్తున్నాను. ఆవిడ నోరు తెరిచే ఉంది, నా నోరు మూతపడింది.

కరీంనగర్ పళ్ళ డాక్టర్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పుట్టినరోజు కేకుల బొమ్మలు వస్తాయి. ఎవరైనా కొత్త కుర్చీ కొంటే చప్పట్లు కొడతారు. కాన్ఫరెన్సుకు పోయి కోటు వేసుకుని దిగిన ఫోటోలకైతే లెక్కే లేదు. ఏళ్ళ తరబడి మా అందరి పనితనం వెనక ఉన్న మనిషి పోతే మాత్రం ఒక్క ముక్క రాలేదు. వాళ్ళకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం వాళ్ళకు పడలేదు. నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇది రాస్తున్నప్పుడూ మండుతూనే ఉంది, కాబట్టి మర్యాద తప్పితే ఏమీ అనుకోవద్దు.

మీరు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే నోట్లో మెత్తని ముద్ద పెట్టి అచ్చు తీస్తారు కదా. ఆ అచ్చు ఆ తర్వాత ఎక్కడికి పోతుందో ఎవరూ అడగరు. మా ఊళ్ళో చాలా ఏళ్ళు అది చాచా దగ్గరికి పోయేది. బజారు వెనక గల్లీలో, గాజుల దుకాణం మీద రెండు గదులు. ఒక గదిలో ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నెలు, స్పిరిట్ దీపం, తీగలు వంచే పట్కార్లు. రెండో గదిలో ఆయన సంసారం. అచ్చులో ప్లాస్టర్ పోసి, దవడ నమూనా తీసి, దాని మీద ప్లేట్లు, కట్టుడు పళ్ళు, పిల్లల దవడ వెడల్పు చేసే పరికరాలు తయారు చేసేవాడు. ఆయన కనుబొమలు నెరిసి తెల్లబడ్డాయో, ప్లాస్టర్ పట్టి తెల్లబడ్డాయో నాకు చివరిదాకా తెలియలేదు.

ఆయన ఎక్కడ పుట్టాడో, ఈ పని ఎవరి దగ్గర నేర్చాడో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. నాకు తెలిసింది ఆయన చేతులు, ఆయన చెవి.

చెవి అన్నది ఊరికే కాదు. ప్లాస్టర్ ఆరగానే పై దవడను ఒక చేత్తో, కింది దవడను ఒక చేత్తో పట్టుకుని, కుడి చెవి దగ్గర పెట్టుకుని ఒకదాని మీద ఒకటి మెల్లగా కొట్టేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు. పళ్ళన్నీ సరిగ్గా కలిస్తే ఒకటే చప్పుడు. ఒక పక్క ముందు తగిలి, దవడ పక్కకు జారి, తర్వాత రెండో పక్క తగిలితే రెండు చప్పుళ్ళు. "రెండు చప్పుళ్ళు వస్తున్నయ్ డాక్టరమ్మా," అంటే ఆ బిడ్డకు ఒకవైపు పై పళ్ళు కింది పళ్ళ లోపలికి పడుతున్నాయని అర్థం. మేము ఎక్స్‌రేలు తీసి, కొలతలు వేసి చెప్పేది ఆయన ఒక్కసారి కొట్టి, విని చెప్పేవాడు. మొదట్లో నేను నవ్వాను. తర్వాత నా కొలతలు తప్పినప్పుడు ఆయన మళ్ళీ కొట్టి వినిపించేవాడు, ఈసారి నా చెవి దగ్గర పెట్టి.

పిల్లల్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. వాళ్ళ నోళ్ళు మాత్రమే తెలుసు. నమూనా లోపల బొటనవేలు పెట్టి, అంగిలి పొడుగునా నడిపి, "ఈ పొల్ల నోరు తెర్చి పంటది. ముక్కు డాక్టర్‌కు చూపియ్యుండ్రి ముందుగాల," అనేవాడు. వెళ్ళి తల్లిని అడిగితే, "అవునమ్మా, గురక సుత పెడ్తది," అనేది. ఇంకొకసారి, "వీడు వేలు చీకుతడు. కుడి చేతి వేలు," అన్నాడు. కుడి చెయ్యే.

నన్ను మామూలుగా డాక్టరమ్మా అని పిలిచేవాడు. కోపం వస్తే బేటా అనేవాడు. నేను పంపిన మొట్టమొదటి అచ్చును ఆయన సాయంత్రంలోగా వెనక్కి పంపాడు. ఫోన్ చేసి అడిగితే, "గిది నోరు కాదు బేటా, నోరు లెక్క ఉన్నది. మళ్ల తియ్యి," అన్నాడు. పట్టా పుచ్చుకుని మూడు నెలలు కూడా కాని నాకు అది ఎంత అవమానం! ఆ పిల్లను మళ్ళీ పిలిపించి అచ్చు తీశాను. ఇప్పుడు తలచుకుంటే ఆ ఒక్క ఫోను నాకు కాలేజీ నేర్పినదానికంటే ఎక్కువ నేర్పింది.

తర్వాత నేను పెద్ద క్లినిక్‌లో చేరాను. దాని పేరు రాయను, అలాంటివి ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. గాజు తలుపులు, ఏసీ, గోడ మీద నవ్వుతున్న పిల్లల బొమ్మలు. అచ్చు తీసే ముద్ద అక్కడ లేదు. పెన్ను లాంటి కెమెరా నోట్లో తిప్పితే పళ్ళు తెర మీదకు వస్తాయి. ఆ ఫైలు ఎక్కడో ఉన్న కంపెనీకి పోతుంది. అక్కడి నుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేల పెట్టె వస్తుంది. అలైనర్లు అంటారు, పళ్ళకు తొడుగు వేసినట్టు ఉంటాయి. ప్రతి ట్రే కిందటిదానికంటే ఒక వెంట్రుకవాసి వెడల్పు. వారానికి ఒకటి మారుస్తూ పోతే పళ్ళ వరస వెడల్పవుతుంది.

వాటిని తిట్టడానికి నేను ఇది రాయడం లేదు. పళ్ళు కాస్త బయటికి జరిగితే సరిపోయే పిల్లలకు అవి పనిచేస్తాయి, నేను చేసి చూశాను. నా కోపం, ఏ పిల్ల వచ్చినా అవే చాలని తెర మీద బొమ్మ చూపించి నమ్మించినవాళ్ళ మీద. వాళ్ళలో నేనూ ఉన్నాను.

అక్షితకు అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆసిఫాబాద్ అవతల ఒక ఊరు, పత్తి వేసే ఇల్లు. తండ్రి మస్కట్‌లో. తల్లి పొద్దుటి రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, బస్సు పట్టుకుని పిల్లను తెచ్చింది. పై దవడ ఇరుకు. నోరు మూసేటప్పుడు కింది దవడ ఎడమకు జారేది, గడ్డం కూడా మెల్లగా అటే తిరుగుతోంది. "పొల్ల మొకం వంకర పోతున్నది మేడం, బళ్లె పిల్లలు నగుతున్నరు," అంది తల్లి. తెర మీద నీలం రంగు పళ్ళు మెల్లగా విచ్చుకుంటున్న వీడియో చూపించాం. తల్లి చెయ్యి నోటి మీద పెట్టుకుని చూసింది. అదే వీడియో మస్కట్‌కు కూడా పోయింది.

నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. పిల్ల రెండు దవడల నమూనా స్కాన్ నుంచి ప్లాస్టిక్‌లో ప్రింటు తీయించి చాచా దగ్గరికి తీసుకుపోయాను. చెవి దగ్గర పెట్టి కొట్టాడు. రెండు చప్పుళ్ళు. బొటనవేలు లోపలికి పోనిచ్చి తల అడ్డంగా ఊపాడు.

"ఇరుకు పండ్లది గాదు డాక్టరమ్మా, బొక్కది. గీ ప్లాస్టిక్‌తోని పండ్లు బయటికి వంగుతయి గని అంగిలి తెర్చుకోదు. స్క్రూ పెట్టాలె. ఇప్పుడు తెర్చుకుంటది, పెద్దగైనంక తెర్చుకోదు."

బొక్క అంటే ఎముక. నేను చదువుకున్నదీ అదే. అంగిలి మధ్యలో రెండు ఎముకలు కలిసే కుట్టు ఉంటుంది. చిన్నతనంలో వెనక పళ్ళకు పట్టీలు వేసి, మధ్యలో స్క్రూ పెట్టి తిప్పితే ఆ కుట్టు తెరుచుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ బిగుసుకుపోతుంది. క్లినిక్‌లో మేనేజరుకు చెప్పాను. "ఆ పాత పరికరాలు మన దగ్గర లేవు మేడం. ప్లాన్ అప్రూవ్ అయిపోయింది కదా," అన్నాడు. నేను ఇంకో మాట అనలేదు. ఆ ఇంకో మాట అనకపోవడమే నా తప్పు.

ఇరవై ఆరు ట్రేలు. రోజుకు ఇరవై రెండు గంటలు పెట్టుకోవాలి, తినేటప్పుడు, పళ్ళు తోముకునేటప్పుడు తీయాలి. మూడో నెలలో వచ్చినప్పుడు చూస్తే తెర మీద వీడియోలో ఉన్నంత వెడల్పు పిల్ల నోట్లో లేదు. మేనేజరు పిల్ల వైపు వంగి, "నువ్వు పెట్టుకోవడం లేదు కదూ?" అన్నాడు. "పెట్టుకుంటున్న సార్," అంది. "పెట్టుకుంటే ఎందుకు రాలేదు మరి?" అన్నాడు. నేను పక్కనే నిలబడి, "నిజం చెప్పు అక్షితా, ఎవరూ ఏమీ అనరు," అన్నాను. ఎంత తియ్యగా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది. తల్లి ఫోన్ కలిపింది. మస్కట్‌లో ఎండలో నిలబడ్డ తండ్రి తెర మీదకు వచ్చాడు. "నేనీడ మీ కోసమే గదా బిడ్డా ఉన్నది, పెట్టుకుంటలేవట?" అన్నాడు. పిల్ల ఏడవలేదు. నేల వైపు చూసి, "పెట్టుకుంట బాపు," అంది.

ఇరవై ఆరూ అయిపోయాయి. పళ్ళు బయటికి వాలాయి, ఎముక కదల్లేదు, దవడ ఎడమకే జారుతోంది. మళ్ళీ స్కాన్ తీసి, ఇంకో పెట్టె తెప్పించాలన్నారు. ముందు ఫైలులో ఒక లైను పడాలన్నాడు మేనేజరు, లేకపోతే తప్పు మనదవుతుందట. "ఒక్క లైను మేడం." టైపు చేశాను. పేషెంటు సహకరించలేదు, ట్రేలు చెప్పినన్ని గంటలు పెట్టుకోలేదు. కింద నా పేరు.

ఆ రోజే వెళ్తూ వెళ్తూ తల్లి సంచిలోంచి పాత చీర గుడ్డలో కట్టిన మూట తీసింది. "మేడం, ఇవి మీకే ఇయ్యాల్నా? మేం ఏం జెయ్యాలె?"

విప్పితే ట్రేలు. వాడినవన్నీ. కొత్తది పెట్టుకోగానే పాతది పారేయమని మేము చెప్పిందే.

"నోట్లె ఉన్నదాన్ని తొవ్వల పారేస్తమా మేడం? ఎవ్వరన్న దాటితే పొల్లకు మంచిగుంటదా?" అంది. వాళ్ళ ఇంట్లో ఊడిన పాలపన్ను, తీసిన జుట్టు, గోళ్ళు దేన్నీ మనుషులు దాటే చోట వేయరు. పిల్ల నోట్లో ఉన్నదాన్ని చెత్తకుప్పలో వేయడం ఆవిడకు మనసొప్పలేదు. ఆ మూట తీసుకుని, మర్నాడు మధ్యాహ్నం చాచా దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో నాకు తెలియదు. ఎవరైనా నన్ను తిడితే బాగుండుననిపించింది, తిట్టే మనిషి ఊళ్ళో ఆయనొక్కడే ఉన్నాడు.

పిల్ల సరిగ్గా పెట్టుకోలేదట అని మూట ఇస్తే, చాచా బల్ల తుడిచి, ఉర్దూ పేపరు పరిచాడు. ట్రేల మీద చెక్కిన నంబర్లు కళ్ళద్దాలు నుదుటికి ఎత్తి చూసి, వరసగా పెట్టాడు. ఒకటి నుంచి ఇరవై ఆరు. ఒక్కోదాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తాడు, అంచు మీద గోరు నడిపాడు, నమిలే చోట వేలితో తడిమాడు. అలా అరగంట పట్టింది. కింద గాజుల దుకాణంలో బేరాలు వినిపిస్తున్నాయి.

"పెట్టుకోలేదని ఎవరన్నరు?"

ఫైలులో అలా రాసింది నేనేనని చెప్పాను.

"దేఖో. అంచు చూడు. రోజు గోరు పెట్టి తీస్తే గిట్ల నున్నగైతది. నమిలే కాడ ఎడమ దిక్కు అరిగింది, పొల్ల దవడ అటే గదా జారేది. పెట్టెల పెట్టిన ట్రే అరుగుతదా?" తర్వాత మొదటి పదకొండూ ఒక పక్కకు, మిగిలినవి ఇంకో పక్కకు జరిపాడు. "గిప్పుడు రంగు చూడు."

మొదటి పదకొండూ కొంచెం మసకబారాయి, అంతే. పన్నెండోది పసుపు రంగు. పదమూడు, పద్నాలుగు, ఇరవై ఆరుదాకా అన్నీ పచ్చగా, పప్పు గిన్నె అడుగులా.

"పసుపు పట్టింది. అంటే అన్నం తినేటప్పుడు సుత తియ్యలే. పన్నెండో ట్రే కాడ ఏం జరిగింది బేటా?"

బేటా అన్నాడు. వారానికి ఒకటి, మూడో నెల. లెక్క కట్టనవసరం లేదు, నాకు గుర్తుంది. మేము ఆ పిల్లను మధ్యలో నిలబెట్టి, తండ్రిని ఫోన్‌లోకి పిలిచి, నిజం చెప్పమన్న రోజు అది. ఆ రోజు తర్వాత ఆ పిల్ల పప్పన్నం, పచ్చిపులుసు, బడిలో పెట్టే అన్నం అన్నీ ఆ ప్లాస్టిక్ తొడుగుతోనే నమిలింది. తీస్తే మళ్ళీ అబద్ధాలకోరు అంటారని. నోరు లేని ప్లాస్టిక్ ముక్కలు నిజం చెప్తున్నాయి, చదువుకున్న నేను అబద్ధం టైపు చేశాను. ఆ బల్ల ముందు నేను ఏడ్చాను. చాచా ఓదార్చలేదు. "ఏడిస్తే ఏమైతది? ఆ బిడ్డ మళ్ల ఎప్పుడు వస్తది?" అన్నాడు.

వాళ్ళు వచ్చిన రోజు చాచా క్లినిక్‌కు వచ్చాడు. అన్నేళ్ళలో ఆయన గల్లీ దాటి ఒక డాక్టరు గదిలోకి రావడం నేను చూడలేదు. ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తా, మీద దుమ్ము లేదు. కనుబొమలు అప్పుడూ తెల్లగానే ఉన్నాయి. రిసెప్షన్‌లో అమ్మాయి అపాయింట్‌మెంట్ ఉందా అంటే, "నాకు లేదు బిడ్డా, గా పొల్లకు ఉన్నది," అని సోఫాలో అక్షిత పక్కన కూర్చున్నాడు.

పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశాడు. నోరు తెలిసిన పిల్లను మొదటిసారి చూస్తున్నాడు. "నువ్వేనా?" అన్నాడు. పిల్ల బెదిరి తల్లిని పట్టుకుంది. "భయపడకు బిడ్డా. నువ్వు అబద్ధం చెప్పలే. నీ ట్రేలు నేను జూసిన. నువ్వు పెట్టుకున్నవ్, అన్నం తినేటప్పుడు సుత పెట్టుకున్నవ్. గదా?"

పిల్ల తల ఊపింది. ఆ తర్వాత ఏడ్చింది. ఫోన్‌లో తండ్రి అడిగినప్పుడు నేల చూపులు చూసిందే తప్ప ఏడవని పిల్ల అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లికి ఏమీ అర్థం కాలేదు, మాట మాటా చెప్పాల్సి వచ్చింది. చాచా మస్కట్‌కు ఫోన్ కలపమన్నాడు. "నీ బిడ్డ అబద్ధం చెప్పలే భాయ్. తప్పు మాది," అన్నాడు. మాది అన్నాడు. ఆయనది ఇసుమంతైనా లేదు.

తర్వాత నా వైపు తిరిగాడు. "గా రాసింది కొట్టెయ్యి."

మేనేజరు వచ్చాడు, ఈయనెవరు అన్నాడు. నేను చెప్పాను, సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి సేవ్ అయ్యాక నేను మార్చలేను, పైనుంచి అనుమతి రావాలి అని. నిజమే చెప్పాను. అలాంటి నిజాలు మన దగ్గర ఎన్ని ఉంటాయో!

"రాసింది నువ్వే గదా బేటా," అన్నాడు చాచా. గొంతు పెంచలేదు. రిసెప్షన్ ముందు అలాగే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. జనం వస్తున్నారు, పోతున్నారు. చివరకు మోకాళ్ళు నొప్పి పుట్టి గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. నేను కొట్టేయలేదు.

ఉద్యోగం మాత్రం ఆ నెలలోనే మానేశాను. ఒక స్నేహితురాలి కుర్చీ అడిగి తీసుకుని అక్షితకు స్క్రూ పరికరం వేశాను. పట్టీలకు తీగలు అతికించింది చాచానే. నాలుక గీసుకుపోకుండా ప్రతి మూలా తన పెదవికి రాసుకుని చూశాడు. రోజూ పొద్దున ఒకసారి తాళంచెవి లాంటి పుల్లతో తల్లి తిప్పాలి. వారం దాటాక తల్లి హడలిపోయి ఫోన్ చేసింది. "మేడం, ముందటి పండ్ల నడుమ సందు వడ్డది!" ఆ మాట చాచాకు చెబితే ఆ రోజు మొదటిసారి ఆయన పగలబడి నవ్వడం విన్నాను. "తెర్చుకున్నది! జర ఫికర్ చెయ్యొద్దని చెప్పు, ఆ సందు దానంతట అదే కలుస్తది." ఆ పిల్లకు ఇంకా తెరుచుకునే వయసు ఉండడం మా అదృష్టం. పిల్ల అదృష్టం అనను, ఆరు నెలలకు పైగా పాడుచేసింది మేము.

అంతా అయ్యాక నేను తీసిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, ఆరనిచ్చి, చెవి దగ్గర పెట్టి కొట్టాడు. టక్. నా చెవి దగ్గర పెట్టాడు. టక్. అంతే, ఉర్దూ పేపరులో చుట్టి అటక మీద పెట్టాడు.

ఆ తర్వాత ఊళ్ళో డాక్టర్లందరూ కెమెరాలకు మారారు. అచ్చులు తగ్గిపోయాయి. నేను పంపేవి కొన్ని, ఇంకెవరో ఇద్దరు పంపేవి కొన్ని. ఏడాది కిందట ఆయన చేతులు వణకడం మొదలయ్యాక తనే వద్దన్నాడు. "నోరు లెక్క చేసి ఇయ్య డాక్టరమ్మా, ఇస్తే నోరే ఇయ్యాలె," అన్నాడు. నేను పోయి చూడటం తగ్గించాను. పనుంటే పోయేదాన్ని, పని లేదు. దీనికి కూడా ఎవరి మీద కోప్పడాలో నాకు తెలుసు.

ఆటో అతను చెప్పిన మర్నాడు ఇంటికి పోయాను. కోడలు అటక ఖాళీ చేస్తోంది. గోనె సంచుల్లో నమూనాలు, ఈ జిల్లా పిల్లల నోళ్ళన్నీ. "ఏం జెయ్యాలె మేడం ఇవి? మామ ఒక్కటి సుత పారెయ్యనియ్యలే," అంది. వెతికి అక్షితవి తీసుకున్నాను. మొదట ప్రింటు తీయించింది, చివర ప్లాస్టర్ పోసింది. వాటితోపాటు పాత చీర గుడ్డ మూట కూడా దొరికింది. ఇరవై ఆరూ ఉన్నాయి.

అక్కడి నుంచే ఆ క్లినిక్‌కు ఫోన్ చేశాను. పాత ఫైలులో ఒక లైను తప్పు రాశాను, కొట్టేయాలి అన్నాను. ఎవరో కొత్త అమ్మాయి, చాలా మర్యాదగా మాట్లాడింది. పాత రికార్డులు లాక్ అయిపోయాయట. పేషెంటు ఎలాగూ రావడం లేదు కదా మేడం, ఇప్పుడెందుకు అంది.

ఇప్పుడు ఎందుకు కొట్టేయాలో ఆ అమ్మాయికి చెప్పలేదు. ఫైలులో కొట్టేయనివ్వరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, చాచా ఆ రోజు ఎంతసేపు నిలబడ్డా నేను రాయనిది. అక్షిత ట్రేలు పెట్టుకుంది. రోజూ పెట్టుకుంది. అన్నం తినేటప్పుడు కూడా పెట్టుకుంది. పెట్టుకోలేదని రాసింది నేను.